షుగర్ గోలీలు తగ్గాలంటే ఏ వరుసలో నడవాలి

"నెల రోజుల నుంచి రాత్రి అన్నం బంద్ పెట్టిన. జొన్నరొట్టె తింటున్న. పరగడుపు షుగర్ 110కి దిగింది. ఇక గోలీ ఆపెయ్యొచ్చా?" పొద్దున పూట వరంగల్‌లో భద్రకాళి బండ్ మీద గానీ, హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో గానీ నడిచేవాళ్ల మాటలు కాసేపు వింటే ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో చెవిన పడుతుంది. దీనికి జవాబు చెప్పాలంటే ముందు తెలియాల్సింది ఒకటుంది. మీరు వేసుకునేది ఏ గోలీ?

అన్నం తగ్గించినా పెద్దగా ఇబ్బంది పెట్టని గోలీలు కొన్ని ఉన్నాయి. అన్నం తగ్గించిన రోజే కళ్లు తిరిగి పడిపోయేలా చేసేవి ఇంకొన్ని ఉన్నాయి. మన దగ్గర చాలామందికి ఈ రెండు రకాలూ కలిపి ఒకే గోలీలో ఇస్తారు. అందుకే తిండి సంగతి కంటే ముందు మందుల సంగతి చెబుతున్నాను. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో చాలామంది మందులు తగ్గించుకోగలరు, కొందరు పూర్తిగా మానగలరు కూడా. డోసు తగ్గించాల్సింది మాత్రం డాక్టరే. ఆయన తగ్గించడానికి వీలైన లెక్కలు తెచ్చి బల్ల మీద పెట్టడం మీ వంతు.

నిజంగా సాధ్యమా?

సాధ్యమే, అందరికీ ఒకేలా కాదు. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. షుగర్ వచ్చి 6 ఏళ్లు దాటనివాళ్లను, ఇన్సులిన్ మీద లేనివాళ్లను తీసుకున్నారు. మొదటి 3 నుంచి 5 నెలలు రోజుకు సుమారు 850 కేలరీల తిండి మాత్రమే ఇచ్చారు, అదీ వైద్యుల కనుసన్నల్లో. ఏడాది తిరిగేసరికి 46 శాతం మంది మందు లేకుండానే షుగర్ హద్దుల్లోకి వచ్చారు. 15 కిలోలు, అంతకు మించి బరువు తగ్గినవాళ్లలోనైతే 86 శాతం. రెండో ఏడాది చివరికి మొత్తం మీద 36 శాతం మందే ఆ స్థితిలో మిగిలారు. అంటే తగ్గించుకోవడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు.

ఆ అధ్యయనంలోని మనుషుల సగటు బరువు 100 కిలోల దగ్గర. 70 కిలోల మనిషి 15 కిలోలు తగ్గాలని పట్టు పట్టక్కర్లేదు. కాలేయంలో, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌లో పేరుకున్న కొవ్వు కరిగితే ఇన్సులిన్ మళ్లీ సరిగా పని చేయడం మొదలవుతుంది. మనవాళ్లలో ఆ కొవ్వు ఎక్కువగా పొట్ట దగ్గరే కనబడుతుంది. మగవాళ్లకు నడుము కొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే తగ్గించుకోవడానికి చోటు ఉన్నట్టే. షుగర్ బయటపడి తక్కువ కాలమే అయి, పొట్ట ఉండి, ఒకటి రెండు గోలీల మీద ఉన్నవాళ్లకు అవకాశం ఎక్కువ. 15, 20 ఏళ్ల నుంచి షుగర్ ఉన్నవాళ్లకు డోసు తగ్గొచ్చు గానీ పూర్తిగా మానడం కష్టం.

కొందరు సొంతంగా ఈ దారి పట్టనే కూడదు. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, కాలికి మానని పుండు ఉన్నవాళ్లు, ఏ ప్రయత్నమూ లేకుండానే బరువు పడిపోతున్నవాళ్లు, సన్నగా ఉండి షుగర్ వచ్చినవాళ్లు. సన్నటి మనిషికి ఇన్సులిన్ తయారీయే తక్కువై ఉండొచ్చు, అలాంటివాళ్లకు తిండి కట్టేస్తే నీరసం తప్ప ఒరిగేది లేదు. కంటి రెటీనాలో తేడా ఉన్నవాళ్లకు షుగర్ ఒక్కసారిగా దిగితే ఆ తేడా కొంతకాలం పెరిగే ప్రమాదం ఉంది. కాబట్టి కంటి పరీక్ష అయ్యాకే మొదలుపెట్టాలి.

మొదటి పని: స్ట్రిప్ తిప్పి చదవండి

పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. మీకు కావాల్సింది దాని కింద సన్న అక్షరాల్లో ఉంటుంది. కనబడకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, లేదా మందుల షాపులో అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి.

గ్లిమిప్రైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్. వీటిలో ఏదైనా ఉంటే జాగ్రత్త. ఇవి పాంక్రియాస్‌ను పిండి ఇన్సులిన్ వదిలిస్తాయి. మీరు కంచం నిండా తిన్నారా, సగమే తిన్నారా అని ఇవి చూడవు. నిన్నటిదాకా కంచం నిండా అన్నానికి సరిపోయిన డోసు, ఈ రోజు రెండు ముద్దలకు ఎక్కువైపోతుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్‌దీ ఇదే తీరు. తిండి మార్పు బాగా పని చేసినవాళ్లకే లో షుగర్, అంటే షుగర్ మరీ పడిపోవడం, వస్తుందన్నది చాలామంది ఊహించని సంగతి.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటే షుగర్ పడిపోవడం అరుదు. కాకపోతే ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గుతుంది. అరికాళ్ల తిమ్మిర్లన్నీ షుగర్ వల్లే అనుకోకుండా ఒకసారి బీ12 చూపించుకోండి. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ లాంటివి కూడా ఒంటరిగా అయితే పెద్దగా లో చేయవు.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ షుగర్‌ను మూత్రంలో బయటికి పంపుతాయి. వీటి మీద ఉన్నవాళ్లు అన్నం, రొట్టె పూర్తిగా మానేసినా, రోజంతా ఉపవాసం ఉన్నా ఒంట్లో కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, పెరిగే ప్రమాదం ఉంది. అప్పుడు మీటర్‌లో షుగర్ మామూలుగానే కనబడుతుంది, మనిషికి మాత్రం వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. ఆ లక్షణాలు వస్తే ఇంట్లో నిమ్మరసం తాగి చూడటం కాదు, ఆస్పత్రికి వెళ్లాలి. శివరాత్రి ఉపవాసమో రంజాన్ ఉపవాసమో ఉండేవాళ్లు ఈ గోలీ సంగతి ముందే అడిగి పెట్టుకోవాలి. ఇంకొక మాట. గుండె, కిడ్నీ కోసం కూడా ఈ గోలీలు ఇస్తారు. మీకు అందుకే రాసి ఉంటే షుగర్ ఎంత బాగున్నా వీటిని ఆపమని అడగకండి.

రెండో పని: తిండి మార్చకముందే డాక్టర్ దగ్గరికి

చాలామంది ముందు అన్నం మానేసి, షుగర్ తగ్గాక చెబుదాం అనుకుంటారు. తిరగేసి చేయండి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో చూపించుకున్నా, ఊళ్లో పీహెచ్‌సీకి వెళ్లినా, ప్రైవేటుకు వెళ్లినా సూటిగా అడగండి: "సార్, వచ్చే సోమవారం నుంచి రాత్రి అన్నం సగం చేస్తున్న, రోజూ నడుస్తున్న. ఈ గోలీ ఇదే డోసులో ఉంచాలా? షుగర్ ఎంతకు దిగితే మీకు ఫోన్ చేయాలి? బీపీ గోలీ కూడా చూడాలా?"

బీపీ గోలీ ప్రశ్న మరిచిపోవద్దు. బరువు, ఉప్పు తగ్గాక బీపీ కూడా దిగుతుంది. పాత డోసు అలాగే ఉంటే కూర్చున్న చోటు నుంచి లేవగానే కళ్లు తిరుగుతాయి. వయసు పైబడిన అవ్వలు, తాతలు అలా పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే షుగర్ తగ్గిన సంబరం ఎక్కడుంటుంది?

డోసు మార్పు ఆర్‌ఎంపీ దగ్గర చేయించుకోవద్దు. జ్వరానికో దగ్గుకో ఆయన దగ్గరికి పోయే అలవాటు ఉండొచ్చు, ఇది ఆ లెక్కలోది కాదు.

మొదలుపెట్టే ముందు ఉండాల్సిన పరీక్షలు: హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, హిమోగ్లోబిన్, కళ్లు, బీపీ, బరువు, నడుము కొలత. రక్త పరీక్షలు చాలావరకు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా సర్కారు దవాఖానాల్లో ఉచితంగానే అవుతాయి. హిమోగ్లోబిన్ ఎందుకంటే, ఇనుము తక్కువై రక్తహీనత ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే. మీటర్‌లో అంతా బాగుండి ఆ పరీక్ష మాత్రం ఎక్కువ వస్తే ఈ సంగతి డాక్టర్‌కు గుర్తు చేయండి.

మూడో పని: లో షుగర్ వస్తే ఏం చేయాలో ఇంట్లో అందరికీ చెప్పండి

చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, ఉన్నట్టుండి ఆకలి, చూపు మసకబారడం, అర్థం లేని కోపం. మీటర్‌లో 70 కంటే తక్కువ చూపిస్తే అది లో. మీటర్ చేతిలో లేకపోతే చూడటం కోసం ఆగొద్దు. 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ తాగండి. తేరుకున్నాక ఏదైనా తినండి. బిస్కెట్లు, చాక్లెట్ ఈ పనికి రావు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఎక్కడం ఆలస్యమవుతుంది.

మీ గోలీలో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉంటే ఇంట్లోని చక్కెర త్వరగా పని చేయదు, ఎందుకంటే ఆ మందు పని చక్కెర అరగకుండా ఆపడమే. అలాంటివాళ్లు గ్లూకోజ్ పొడి డబ్బా దగ్గర పెట్టుకోవాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయాలి. రాత్రి నిద్రలో చొక్కా తడిసేలా చెమట పట్టినా, పీడకలలతో లేచినా, పొద్దున తలనొప్పిగా ఉన్నా రాత్రి షుగర్ పడిందేమో అనుమానించాలి.

నాలుగో పని: కంచం

అసలు పని ఇక్కడే. మొదటి వారం ఏమీ మార్చకండి, కొలవండి చాలు. అన్నం పెట్టుకున్న కంచాన్ని వంటింటి కాటా మీద పెట్టి చూడండి. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 78 గ్రాములు పిండి పదార్థమే. అది వండితే 280 గ్రాముల అన్నం అవుతుంది. మన ఇళ్లలో "కొంచెమే తింటా" అనే మనిషి కంచంలో కూడా 300, 350 గ్రాములు ఉండటం మామూలే. పూటకు 90 గ్రాముల పిండి పదార్థం అన్నమాట. అలా రెండు పూటలు, మధ్యలో టిఫిన్, చాయ్‌లు.

తగ్గించడం రాత్రి నుంచి మొదలుపెట్టమంటాను. మధ్యాహ్నం తిన్నదానికి తర్వాత కాస్త కదలిక ఉంటుంది, రాత్రి 10 గంటలకు తిన్నదానికి ఉండేది మంచమే. రాత్రి అన్నాన్ని 150 గ్రాములకు, అంటే ఒక చిన్న గిన్నెకు తేండి. వీలైతే 8 లోపు తినండి. రెండు వారాల తర్వాత మధ్యాహ్నం కూడా అంతే చేయండి. పూర్తిగా మానొద్దు. పూర్తిగా మానినవాళ్లను చూశాను, కొత్త మామిడికాయ తొక్కు కలిపిన రోజు వేడి అన్నం ముందు ఏ వ్రతమూ నిలవదు.

తీసేసిన అన్నం చోటు ఖాళీగా ఉంచితే వారం కూడా నిలబడలేరు. సగం కంచం కూరతో నింపాలి. తోటకూర, బచ్చలి, పుంటికూర, గంగవాయిలి కూర, బీరకాయ, సొరకాయ, దొండకాయ, గోకరకాయ, చిక్కుడు, బెండ, వంకాయ, ఏదైనా. ఆలుగడ్డ, చామగడ్డ మాత్రం కూర లెక్కలోకి రావు, అవి అన్నం ఖాతాలోవే. పావు కంచం పప్పు, గుడ్డు, చికెన్, చేప, పెరుగు లాంటివి. అసలు లోటు ఇక్కడే ఉంది. పచ్చిపులుసులో గానీ చారులో గానీ ప్రోటీన్ ఏమీ ఉండదు. నీళ్ల పప్పు రెండు గరిటెలు పోసుకుంటే వచ్చేది కొద్దిగానే. ఒక గుడ్డులో 6 గ్రాములు, 30 గ్రాముల పొడి పప్పు వండితే 7 గ్రాములు వస్తుంది. కాబట్టి పప్పు గట్టిగా వండండి, రెండు పూటలా ఉండేలా చూడండి, సాయంత్రం బోండా బదులు శనగలో పెసర్లో బొబ్బర్లో ఉడికించిన గుడాలు ఉల్లిగడ్డ కోసుకుని తినండి. గుడాలు మన తిండే, ఎక్కడి నుంచో తెచ్చుకున్నది కాదు. ఓట్స్ డబ్బాలకు డబ్బులు పోసే ముందు ఆ సంగతి గుర్తుంచుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ప్రోటీన్ ఎంత తినాలో అడిగే తినాలి.

తినే వరుస కూడా లెక్కే. ముందు కూర, పప్పు లేదా గుడ్డు సగం తినేసి, తర్వాత అన్నం కలుపుకుంటే అదే తిండికి షుగర్ తక్కువ పెరుగుతుంది. ఖర్చు లేని పని, పైగా అన్నం దగ్గరికి వచ్చేసరికి సగం ఆకలి తీరి ఉంటుంది.

ఇప్పుడు జొన్నరొట్టె. జొన్నలో పీచు బియ్యం కంటే మూడింతలకు పైగా ఎక్కువ, ప్రోటీన్ కూడా కొంచెం ఎక్కువ. మంచిదే. కానీ రొట్టెకు లెక్క లేదు అనుకోవడం తప్పు. ఒక్కో రొట్టెకు 50, 60 గ్రాముల పిండి పడుతుంది, అందులో 35 నుంచి 40 గ్రాముల పిండి పదార్థం. మూడు రొట్టెలు తింటే కంచం నిండా అన్నం తిన్నట్టే, ఇంకా ఎక్కువే. ఒకటి, మహా అయితే ఒకటిన్నర. గట్టిగా నమిలి తినాల్సి రావడం దాని మంచి గుణం, నెయ్యి పూసి మెత్తగా చేసుకుంటే అదీ పోతుంది. మక్క గట్కదీ అదే లెక్క. అంబలి పల్చగా తాగితే చల్లగా బాగుంటుంది గానీ, పిండి ఉడికిన నీళ్లు త్వరగా అరుగుతాయి కాబట్టి గ్లాసుల మీద గ్లాసులు వద్దు.

తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 బియ్యం గురించి అందరూ అడుగుతారు. దాని గ్లైసిమిక్ ఇండెక్స్ (తిన్నాక షుగర్ ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే అంకె) 50 కాస్త దాటి ఉంటుంది, మామూలు బియ్యం కంటే తక్కువ. దొరికితే అదే కొనండి. అయితే షుగర్ బియ్యం అని పేరు పెట్టి రెండింతలు వడ్డించుకుంటే లాభమంతా అక్కడే పోతుంది. పాలిష్ తక్కువ పట్టిన బియ్యానికీ ఇదే మాట.

సర్వపిండి మానమంటే వరంగల్‌వాళ్లు వినరు, నేను మానమననూ లేను. అది బియ్యపు పిండి కాబట్టి ఆ పూట అన్నం తీసేసి సగం ముక్క తినండి, పల్లీలు, నువ్వులు, శనగపప్పు ఎక్కువ వేసి, నూనె తక్కువ పోసి కాల్చండి. సంక్రాంతి సకినాలు రెండు తింటే ఏమీ కాదు. అసలు చిక్కు డబ్బా ఎదురుగా ఉండటమే, వచ్చేపోయేటప్పుడు చెయ్యి అందులోకే పోతుంది.

చాయ్ దగ్గర చాలామంది దొరికిపోతారు. చాయ్‌కి 2 చెంచాలు వేస్తే 10 గ్రాముల చక్కెర, నాలుగు చాయ్‌లకు 40. పక్కన ఉస్మానియా బిస్కెట్ ఉంటే ఇంకా. ముందు సగం చెయ్యండి, పది రోజులకు నాలుక అలవాటు పడుతుంది. బెల్లం వేస్తే మంచిది అనేది వట్టి మాట, షుగర్ పెంచడంలో రెండూ దాదాపు ఒకటే. మేడారం నుంచి వచ్చిన బంగారం, అంటే ఆ జాతర బెల్లం కూడా నోట్లో వేసుకునేంత ప్రసాదంగానే తినాలి, పాయసానికి సరిపడా కాదు.

పండ్లలో జామ మంచిది. సీతాఫలం, మామిడి మానక్కర్లేదు గానీ సగం పండు, అదీ అన్నం తిన్న వెంటనే వద్దు. జ్యూస్ ఏదైనా వద్దు. మెంతులు నానబెట్టి తినండి, కాకరకాయ కూర వండుకోండి, తిండిగా అవి మంచివే. గోలీకి బదులు అవి అని ఎవరైనా చెబితే మాత్రం నమ్మొద్దు. పేరూ ఊరూ లేని షుగర్ పొడులు ఇంకా ప్రమాదం. అలాంటివాటిలో అల్లోపతి గోలీ పొడి కలిసి బయటపడ్డ సందర్భాలున్నాయి, మీ గోలీకి అది తోడైతే షుగర్ ఎక్కడికి పడుతుందో చెప్పలేం.

ఐదో పని: కదలిక

వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలని ఎక్కడైనా చెబుతారు. దానికంటే తేలికైనది, షుగర్‌కు బాగా పని చేసేది ఒకటుంది. తిన్న తర్వాత 10, 15 నిమిషాలు నడక. కండరాలు కదిలేటప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. వాకిట్లో నడిచినా, డాబా మీద నడిచినా చాలు. మన దగ్గర ఎండాకాలంలో పొద్దున 8 దాటితే బయట నడవలేం, రాత్రి భోజనం తర్వాతి నడక ఆ లోటు తీరుస్తుంది.

నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు బీడీలు చేసే అక్కలు చాట ముందు పెట్టుకుని గంటల తరబడి కూర్చుంటారు. పొద్దున గంట నడిచినా, రోజంతా కూర్చుంటే సగం లాభం పోతుంది. ఒక కట్ట అయిన ప్రతిసారీ లేచి రెండు నిమిషాలు తిరగండి, గోడకు చేతులు ఆనించి పది సార్లు వంగి లేవండి. కుర్చీ మీద నుంచి చేతులు పెట్టకుండా పదిసార్లు లేచి కూర్చోవడం కూడా కండకు పని చెప్పేదే. వారంలో రెండు రోజులైనా ఇలాంటి కండ పని ఉండాలి, నడక ఒక్కటే సరిపోదు.

సింగరేణిలో షిఫ్టులు మారేవాళ్లది వేరే చిక్కు. నైట్ షిఫ్టు వారంలో తిండి వేళ, నిద్ర వేళ తలకిందులవుతాయి, గోలీ మాత్రం గోడ గడియారం చూసి వేసుకుంటారు. గ్లిమిప్రైడ్ లాంటి గోలీ ఏ పూట తిండికి ముందు వేసుకోవాలో షిఫ్టుల వారీగా రాయించుకోండి. జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి. పాదాలు తిమ్మిరిగా ఉన్నవాళ్లు ఎవరైనా సరే చెప్పుల్లేకుండా నడవొద్దు, గుళ్లో ప్రదక్షిణలు కూడా నేల చల్లగా ఉన్న వేళే చేయండి.

ఆరో పని: నోటుబుక్కు

వారానికి ఒకసారి ల్యాబ్‌లో పరగడుపు షుగర్ చూపించుకుంటే డోసు తగ్గించేంత సమాచారం రాదు. మీటర్ కొనుక్కోండి. స్ట్రిప్పులు ఖరీదు కాబట్టి జతగా వాడండి. తినే ముందు ఒకటి, మొదటి ముద్ద తిన్న 2 గంటలకు ఒకటి. వారానికి మూడు రోజులు చాలు. ఒక రోజు టిఫిన్, ఒక రోజు మధ్యాహ్నం, ఒక రోజు రాత్రి. పక్కన ఏం తిన్నారో రాయండి: "అన్నం చిన్న గిన్నె, గోకరకాయ, గుడ్డు, నడక 15 ని." రెండు అంకెల మధ్య తేడా 60 దాటిందంటే ఆ కంచంలో ఏదో ఎక్కువైంది. మీ ఒంటికి ఇడ్లీ ఎంత, రొట్టె ఎంత అన్నది నాలాంటివాళ్లు చెప్పినదానికంటే ఆ నోటుబుక్కే బాగా చెబుతుంది.

గ్లిమిప్రైడ్ రకం గోలీ లేదా ఇన్సులిన్ ఉన్నవాళ్లు తిండి మార్చిన మొదటి రెండు వారాలు రోజూ పరగడుపున, రాత్రి పడుకునే ముందు చూసుకోవాలి. మామూలుగా పెట్టుకునే హద్దులు పరగడుపున 80 నుంచి 130, తిన్న 2 గంటలకు 180 లోపు. పెద్ద వయసువాళ్లకు డాక్టర్ ఇంకాస్త సడలిస్తారు.

గోలీ తగ్గేది ఎలా

రెండు మూడు వారాలు పరగడుపు అంకెలు వరుసగా 100 చుట్టూ ఉన్నా, ఒక్కసారి 70 లోపు వచ్చినా నోటుబుక్కు పట్టుకుని వెళ్లండి. 70 లోపు వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఆ రోజే ఫోన్. సాధారణంగా ముందు తగ్గేవి ఇన్సులిన్, గ్లిమిప్రైడ్ జాతి గోలీలు. లో చేసేవి, బరువు పెంచేవి అవే. గ్లిమిప్రైడ్ 2 మిల్లీగ్రాములు ఉంటే 1 చేస్తారు, తర్వాత ఆపుతారు. మెట్‌ఫార్మిన్ చివర్లో తగ్గుతుంది, చాలామందికి అది చిన్న డోసులో మిగిలిపోతుంది కూడా. అది ఓటమి కాదు, చవకైన, ఏళ్లుగా వాడి చూసిన మందు.

రెండూ కలిసిన గోలీ అయితే సగానికి విరవొద్దు. అందులో మెట్‌ఫార్మిన్ సాధారణంగా మెల్లగా విడుదలయ్యేలా చేసి ఉంటుంది, స్ట్రిప్ మీద ఎస్‌ఆర్ లేదా ఈఆర్ అని కనబడుతుంది. విరిస్తే ఆ ఏర్పాటు చెడుతుంది. విడి గోలీలుగా మార్చి రాయమని అడగండి. రోజు విడిచి రోజు వేసుకోవడం, బాగా తిన్న రోజు రెండు వేసుకోవడం, పరీక్షకు ముందు మూడు రోజులు మాత్రమే పథ్యం చేయడం, ఇవన్నీ మన దగ్గర మామూలే. వీటి వల్ల డాక్టర్ చూసే అంకెలు అబద్ధాలవుతాయి, తగ్గాల్సిన డోసు పెరుగుతుంది.

ప్రతి తగ్గింపు తర్వాత కనీసం రెండు మూడు వారాలు పరగడుపు అంకెలు చూస్తూ ఉండండి. ఒకేసారి రెండు గోలీలు తగ్గించమని తొందర పెట్టొద్దు, అంకె పెరిగితే ఏ గోలీ తీసినందుకో తెలియదు. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ. మందులన్నీ ఆపిన తర్వాత కనీసం 3 నెలలకు కూడా అది 6.5 లోపు ఉంటే దాన్ని రెమిషన్ అనాలని 2021లో అంతర్జాతీయ నిపుణులు ఒక నిర్వచనం చేశారు. పూర్తిగా నయమైంది అనే మాట వాళ్లూ వాడలేదు.

దావత్‌లు, కల్లు, జ్వరం

పెళ్లిళ్ల కాలంలో వారానికి రెండు దావత్‌లు తప్పవు. వెళ్లండి. మటన్, చికెన్, పెరుగు చట్నీ ముందు తినండి, బగారా అన్నం చివర్లో రెండు గరిటెలు. "ఒక్కటి తింటే ఏం కాదు బావా" అని స్వీటు కంచంలో వేసేవాళ్లతో వాదించి టెన్షన్ పడొద్దు, కంచంలో ఉన్నదంతా తినాలని రూలేమీ లేదు. ఇంటికొచ్చి పావుగంట నడవండి. మర్నాడు అంకె ఎక్కువొస్తే దాన్నీ నోటుబుక్కులో రాయండి, దాచొద్దు.

ఖాళీ కడుపుతో మద్యం తాగి గ్లిమిప్రైడ్ వేసుకుంటే రాత్రి షుగర్ పడిపోయే ప్రమాదం పెద్దది. పైగా పక్కవాళ్లు తాగి పడుకున్నాడులే అనుకుని వదిలేస్తారు. కల్లులో చక్కెర, ఆల్కహాల్ రెండూ ఉంటాయి, కల్తీ కల్లులో ఏముంటుందో చెప్పనక్కర్లేదు. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు గోలీ తగ్గినా కాలి రక్తనాళాలకు, గుండెకు ముప్పు తగ్గదు.

జ్వరం, వాంతులు, విరేచనాలు, ఆపరేషన్, స్టెరాయిడ్ మందులు, వీటిలో ఏది వచ్చినా షుగర్ ఎగబాకొచ్చు. అప్పుడు ఆపిన గోలీ గానీ, కొన్నాళ్లు ఇన్సులిన్ గానీ మళ్లీ పెట్టాల్సి రావొచ్చు. సొంతంగా పాత స్ట్రిప్ తీసి మింగొద్దు, అడగండి. వాంతులవుతున్నప్పుడు మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్ లాంటివి తాత్కాలికంగా ఆపమని చెబుతుంటారు కూడా, కాబట్టి ఆ రోజు ఫోన్ చేయడం తప్పనిసరి.

అన్ని గోలీలూ ఆగిపోయినవాళ్లు మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ చేయించుకోవాలి. కళ్లు, పాదాలు, కిడ్నీ పరీక్షలు ఏడాదికోసారి ఎప్పటిలాగే ఉంటాయి. బరువు 2 కిలోలు పెరిగితే మూడు నెలల పరీక్ష దాకా ఆగకుండా ఆ వారమే మళ్లీ అన్నం కాటా బయటికి తీయండి.